'వచ్చిన అబ్బాయి' నుంచి 'ద బాయ్ హూ కేమ్' దాకా: ఇంగ్లీషు రిలేటివ్ ప్రొనౌన్లను వాడే పద్ధతి

డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పే రోజుల్లో ఒకసారి నల్లబల్ల మీద 'మా నాయనమ్మ గాజు పడిన బావి ఇదే' అని రాసి, దీన్ని ఇంగ్లీషులోకి మార్చమని అడిగాను. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారే కాకుండా ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారు కూడా, చాలామంది, 'దిస్ ఈజ్ ద వెల్ విచ్ మై గ్రాండ్‌మదర్స్ బ్యాంగిల్ ఫెల్' అని రాశారు. విచ్ అన్న మాట ఉంది, అది ఉండవలసిన చోటే ఉంది, అయినా వాక్యం తప్పు. ఎక్కడ తప్పిందో చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయారు. ఆ తప్పు వారి అజాగ్రత్త వల్ల వచ్చినది కాదని, తెలుగు వాక్యం కట్టుబడిలోనే దాని మూలం ఉందని నాకు ఆ తరువాత చాలా నోటుపుస్తకాలు దిద్దితే గాని తెలియలేదు. హూ, హూమ్, హూజ్, విచ్, దట్ అనే ఐదు రిలేటివ్ ప్రొనౌన్లను, అంటే సంబంధ సర్వనామాలను, వాటికి తోడుగా వచ్చే వేర్, వెన్, వై, వాట్ అనే మాటలను తెలుగువారు ఏ దారిలో నేర్చుకుంటే సులువుగా పట్టుబడతాయో ఇక్కడ వివరిస్తాను.

మన వాక్యంలో ఏం జరుగుతుంది?

'నిన్న వచ్చిన అబ్బాయి మా పిన్ని కొడుకు' అన్న వాక్యాన్ని తీసుకోండి. ఇందులో 'వచ్చిన' అన్నది క్రియ నుంచి పుట్టిన విశేషణం. దీన్నే వ్యాకరణంలో క్రియాజన్య విశేషణం అంటారు. ఎర్ర చొక్కా, పాత ఇల్లు అన్నప్పుడు విశేషణం ముందు వచ్చి పేరు (నామవాచకం) వెనుక వచ్చినట్లే, ఇక్కడ కూడా వర్ణన అంతా ముందు వచ్చి, ఎవరిని గురించి చెబుతున్నామో ఆ 'అబ్బాయి' చివర వస్తాడు. మధ్యలో ఎవరు, ఏది అనే సర్వనామానికి చోటే లేదు. ఇంగ్లీషులో వరస తిరగబడుతుంది: 'ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై కజిన్'. అబ్బాయి ముందు వచ్చాడు, అతని వెంటనే హూ వచ్చింది, వర్ణన ఆ తరువాత వచ్చింది. ద్రావిడ భాషలను పోల్చి 1856లో వ్యాకరణం రాసిన రాబర్ట్ కాల్డ్‌వెల్ కూడా, సంస్కృతంలో సంబంధ సర్వనామం చేసే పనిని మన భాషల్లో క్రియ నుంచి పుట్టిన విశేషణం చేస్తుందని, ఈ రెండు కుటుంబాలను వేరుచేసే లక్షణాల్లో ఇది ఒకటని గుర్తించాడు. కాబట్టి ఈ పాఠం కష్టంగా అనిపించడం సహజమే. ఒక పద్ధతిలో ఆలోచించే అలవాటును పక్కనపెట్టి మరో పద్ధతిలోకి దిగవలసి వస్తుంది.

అయితే ఇంగ్లీషు పద్ధతి తెలుగుకు పూర్తిగా కొత్తదేమీ కాదు. 'ఎవరు తవ్వుకున్న గోతిలో వారే పడతారు', 'ఏ ఎండకు ఆ గొడుగు' అనే సామెతల్లో ఎవరు-వారు, ఏ-ఆ అనే జంటలు ఉన్నాయి. బడికి వెళ్లిన ప్రతి తెలుగువారికీ చెవిన పడిన గజేంద్రమోక్షం పద్యం మొదలయ్యేదే 'ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై యెవ్వనియందు డిందు' అని. ఎవనిచేత జగత్తు పుడుతుందో, ఎవనిలో ఉంటుందో, ఎవనిలో లయమవుతుందో, వానిని శరణు వేడుతున్నానని ఆ పద్యం సారాంశం. ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే 'బై హూమ్', 'ఇన్ హూమ్', 'ఇంటూ హూమ్' అనే మూడు మాటలే అక్కడ వరుసగా నిలబడతాయి. పోతన వాడిన చేత, లోపల, అందు అనే విభక్తులు ఇంగ్లీషులోని బై, ఇన్, ఇంటూ వంటి ప్రిపోజిషన్లకు ఒక్కొక్కటిగా సరిపోవడం గమనించండి. రిలేటివ్ ప్రొనౌన్ అంటే ఏమిటో మరచిపోయినప్పుడల్లా ఈ పద్యం గుర్తుచేసుకుంటే చాలు.

మాయమైన విభక్తి

ఇక నాయనమ్మ గాజు సంగతికి వద్దాం. గాజు బావిలో పడింది. కానీ 'గాజు పడిన బావి' అన్నప్పుడు ఆ 'లో' ఎక్కడికి పోయింది? తెలుగు దాన్ని మింగేసింది. ఇది మన భాషలోని గొప్ప పొదుపు. నేను రాసిన ఉత్తరం, నేను రాసిన కలం, నేను రాసిన బల్ల, నేను రాసిన రోజు, నేను ఉత్తరం రాసిన స్నేహితుడు, నేను రాసిన కారణం: ఈ ఆరింటిలోనూ 'రాసిన' అన్న మాట ఒక్కటే. ఉత్తరాన్ని రాశాను, కలంతో రాశాను, బల్ల మీద రాశాను, ఆ రోజున రాశాను, స్నేహితుడికి రాశాను, ఆ కారణం వల్ల రాశాను అన్న తేడాలన్నీ వినేవారు లోకజ్ఞానంతో తెలుసుకోవలసిందే. కలం అంటే రాసే సాధనమని అందరికీ తెలుసు కాబట్టి మనం 'తో' అని చెప్పనవసరం లేదు.

ఇంగ్లీషు ఆ పొదుపును ఒప్పుకోదు. 'ద లెటర్ విచ్ ఐ రోట్', 'ద పెన్ విత్ విచ్ ఐ రోట్', 'ద టేబుల్ ఆన్ విచ్ ఐ రోట్', 'ద డే ఆన్ విచ్ ఐ రోట్', 'ద ఫ్రెండ్ టు హూమ్ ఐ రోట్', 'ద రీజన్ ఫర్ విచ్ ఐ రోట్' అని ప్రతిదానికీ దాని ప్రిపోజిషన్ను పైకి చెప్పి తీరాలి. తెలుగువారు రాసే ఇంగ్లీషులో నేను చూసిన రిలేటివ్ ప్రొనౌన్ తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించేది ఇదే: 'ద చెయిర్ విచ్ ఐ శాట్', 'ద హౌస్ విచ్ ఐ లివ్', 'ద కంపెనీ విచ్ ఐ వర్క్'. మొదటిదానికి 'ఆన్', రెండోదానికి 'ఇన్', మూడోదానికి 'ఫర్' కావాలి. ఉద్యోగ దరఖాస్తుల్లో ఆ మూడో తప్పు దొర్లినప్పుడు, అర్థం తెలిసినా, రాసినవారి మీద అభిప్రాయం పలచబడుతుంది. అందుకే నేను పాఠంలో దీని మీదే ఎక్కువసేపు నిలబడతాను.

విప్పి కుట్టడం

దీనికి మందు ఒకటే. తెలుగు వాక్యాన్ని నేరుగా ఇంగ్లీషులోకి మార్చకుండా, ముందు దాన్ని రెండు చిన్న తెలుగు వాక్యాలుగా విప్పండి. 'ఇది బావి. మా నాయనమ్మ గాజు ఆ బావిలో పడింది.' ఇలా విప్పగానే మింగుడుపడిన 'లో' బయటికి వచ్చేస్తుంది. ఇప్పుడు రెండింటినీ ఇంగ్లీషులో రాయండి: 'దిస్ ఈజ్ ద వెల్. మై గ్రాండ్‌మదర్స్ బ్యాంగిల్ ఫెల్ ఇంటూ ద వెల్.' రెండింటిలోనూ ఉన్న మాట 'ద వెల్'. రెండో వాక్యంలోని 'ద వెల్'ను చెరిపేసి, అది వస్తువు కాబట్టి అక్కడ 'విచ్' పెట్టండి. అప్పుడు 'ఇంటూ విచ్' అని మిగులుతుంది. ఆ రెండు మాటలనూ కలిపి రెండో వాక్యం మొదటికి తెచ్చి, మొదటి వాక్యంలోని 'ద వెల్' పక్కన కుట్టండి: 'దిస్ ఈజ్ ద వెల్ ఇంటూ విచ్ మై గ్రాండ్‌మదర్స్ బ్యాంగిల్ ఫెల్.' మాట్లాడేటప్పుడు ఇంత బిగువు అవసరం లేదు. విచ్ ఒక్కటే ముందుకు వచ్చి ప్రిపోజిషన్ చివర మిగిలిపోవచ్చు: 'ద వెల్ విచ్ మై గ్రాండ్‌మదర్స్ బ్యాంగిల్ ఫెల్ ఇంటూ.' రెండూ సరైనవే, మొదటిది రాతకు, రెండోది మాటకు బాగుంటుంది. ప్రిపోజిషన్ ఎక్కడో ఒకచోట ఉండడం మాత్రం తప్పనిసరి.

ఈ కుట్టు పనిలో రెండో తప్పు ఒకటి దొర్లుతుంది. విచ్‌ను తెచ్చి ముందు పెట్టిన తరువాత, పాత మాటను చెరపడం మరచిపోయి 'ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్', 'ద మ్యాన్ హూ హీ కేమ్' అని రాస్తారు. విచ్ వచ్చింది ఆ 'ఇట్' స్థానంలోకే, హూ వచ్చింది ఆ 'హీ' స్థానంలోకే. ఒకే కుర్చీలో ఇద్దరు కూర్చోకూడదు. వాక్యం రాసిన తరువాత వెనక్కి వెళ్లి, చెరిపిన చోటు ఖాళీగా ఉందో లేదో ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

పదో తరగతి ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో రెండు వాక్యాలిచ్చి హూతోనో విచ్‌తోనో కలపమని అడిగే ప్రశ్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ ఇంగ్లీషు వాక్యాలను వారే విప్పి ఇస్తారు కాబట్టి మార్కులు వస్తాయి. జీవితంలో విప్పే పని కూడా మనదే.

విప్పేటప్పుడు కాలాన్ని కూడా నిర్ణయించుకోవాలి. 'వచ్చిన' అంటే గతం, 'వస్తున్న' అంటే ఇప్పుడు జరుగుతున్నది అని తేలిగ్గానే తెలుస్తుంది. కానీ 'వచ్చే బస్సు' అన్నది రోజూ వచ్చే బస్సు కావచ్చు, రేపు రాబోయే బస్సు కావచ్చు. మొదటిది 'ద బస్ విచ్ కమ్స్', రెండోది 'ద బస్ విచ్ విల్ కమ్'. 'రాని' అన్న మాటకైతే కాలమే లేదు; నిన్న రాని అబ్బాయి, రోజూ రాని అబ్బాయి, రేపు రాని అబ్బాయి అని మూడింటికీ ఒకటే రూపం. ఇంగ్లీషులో 'హూ డిడ్ నాట్ కమ్', 'హూ డజ్ నాట్ కమ్', 'హూ విల్ నాట్ కమ్' అని మూడు వేర్వేరు క్రియలు కావాలి.

మనిషా, వస్తువా, ఎవరిదా?

మనుషులకు హూ, వస్తువులకూ జంతువులకూ విచ్ అన్న నియమం అందరికీ తెలిసినదే అయినా, మన వ్యాకరణం గీసే గీత వేరేచోట ఉందని గుర్తుంచుకోవాలి. తెలుగులో 'అమ్మాయి వచ్చింది', 'ఆవు వచ్చింది', 'బండి వచ్చింది' అనే మూడింటికీ క్రియ ఒకటే. 'అబ్బాయి వచ్చాడు' అన్నది విడిగా ఉంటుంది. ఇంగ్లీషు గీత మనుషులందరినీ ఒకవైపు, మిగిలినవాటిని మరోవైపు ఉంచుతుంది. ఆయన, అతను, వాడు, ఆవిడ, ఆమె అనే మర్యాద భేదాలేవీ హూలో కనబడవు. రాష్ట్రపతికైనా చంటిబిడ్డకైనా హూ ఒక్కటే. ఇంట్లో పేరు పెట్టి పెంచుకునే కుక్కకు హూ వాడితే ఎవరూ తప్పు పట్టరు. గోదావరిని మనం తల్లి అని పిలిచినా ఇంగ్లీషు వ్యాసంలో విచ్ అనే రాయాలి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ప్రభువు నేర్పిన ప్రార్థన 'అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్' అని మొదలవుతుంది. ఆ కాలంలో విచ్ మనుషులకూ దేవుడికీ కూడా చెల్లేది. ఇప్పుడు చెల్లదు.

హూ ఎప్పుడు, హూమ్ ఎప్పుడు అన్న సందేహం తీరడానికి మళ్లీ విప్పిన వాక్యాన్నే చూడండి. రెండో వాక్యంలో చెరిపేసిన మాట స్థానంలో 'హీ' సరిపోతే హూ, 'హిమ్' సరిపోతే హూమ్. హిమ్, హూమ్ రెండూ పెదవులు మూసే మకారంతోనే ముగుస్తాయి కాబట్టి జ్ఞాపకం పెట్టుకోవడం తేలిక. 'నాకు పాఠం చెప్పిన మాస్టారు'లో ఆయన చెప్పారు, కనుక 'ద టీచర్ హూ టాట్ మీ'. 'నేను కలిసిన మాస్టారు'లో ఆయన్ని నేను కలిశాను, కనుక 'ద టీచర్ హూమ్ ఐ మెట్'. నేటి ఇంగ్లీషు సంభాషణలో ఈ రెండోచోట కూడా హూ అనేస్తారు, లేదా ఆ మాటనే వదిలేస్తారు; దాన్ని తప్పుగా ఎంచవలసిన పని లేదు. కానీ ప్రిపోజిషన్ ముందుకు వచ్చి దాన్ని ఆనుకుని ఉన్నప్పుడు మాత్రం హూమ్ తప్ప మరొకటి పనికిరాదు: 'టు హూమ్', 'విత్ హూమ్', 'ఫ్రమ్ హూమ్'.

ఒకచోట మాత్రం బాగా చదువుకున్నవారు కూడా పొరబడతారు. 'సైకిల్ దొంగిలించాడని నేను అనుకుంటున్న మనిషి' అన్నదాన్ని ఇంగ్లీషులో రాసేటప్పుడు, పక్కనే 'ఐ థింక్' కనబడేసరికి, ఆ మనిషిని నేను అనుకుంటున్నాను కదా అని 'హూమ్ ఐ థింక్ స్టోల్ ద సైకిల్' అని రాస్తారు. విప్పి చూస్తే 'ఐ థింక్ హీ స్టోల్ ద సైకిల్' అని వస్తుంది. దొంగిలించినది అతను, కనుక 'హూ ఐ థింక్ స్టోల్ ద సైకిల్' అన్నదే సరైనది.

హూజ్ విషయంలో తెలుగు ఎంత తేలిగ్గా పని కానిస్తుందో చూడండి: 'కొడుకు అమెరికాలో ఉన్న ఆవిడ'. ఎవరి కొడుకు అని చెప్పనే లేదు, అయినా ఆవిడ కొడుకేనని అర్థమవుతుంది. ఇంగ్లీషులో ఆ 'ఆవిడ' అన్న షష్ఠిని హూజ్ మోయాలి: 'ద వుమన్ హూజ్ సన్ ఈజ్ ఇన్ అమెరికా'. 'హూ హర్ సన్' అని రాయకూడదు. హూజ్ మనుషులకు మాత్రమే వాడాలని కొందరు చెబుతారు గాని అది నిజం కాదు. 'తలుపులు విరిగిన ఇల్లు' అనడానికి 'ద హౌస్ హూజ్ డోర్స్ ఆర్ బ్రోకెన్' అని నిస్సంకోచంగా రాయవచ్చు. 'హూ ఈజ్' అన్న రెండు మాటలను కుదించి పలికినప్పుడు వచ్చే శబ్దం, ఈ హూజ్ శబ్దం చెవికి ఒకేలా ఉంటాయి. కాగితం మీద అవి వేరు: కుదింపు గుర్తు (అపాస్ట్రఫీ) ఉన్నది 'హూ ఈజ్', లేనిది ఎవరిదో చెప్పేది.

దట్, వాట్

దట్ మనుషులకూ వస్తువులకూ సరిపోతుంది కాబట్టి చాలామంది అన్నిచోట్లా దాన్నే వాడేస్తారు. దానికి రెండు గుమ్మాలు మూసి ఉన్నాయి. ప్రిపోజిషన్ వెంటనే దట్ రాదు: 'ద హౌస్ ఇన్ దట్ ఐ లివ్' అన్నది తప్పు, 'ఇన్ విచ్' అనాలి. కామా తరువాత అదనపు సమాచారం చెప్పేటప్పుడూ దట్ రాదు. మిగిలినచోట్ల విచ్‌కూ దట్‌కూ పెద్ద తేడా లేదు. పేరును ఫలానాదని గుర్తుపట్టించే వాక్యానికి దట్, అదనపు మాట చెప్పే వాక్యానికి విచ్ వాడితే స్పష్టంగా ఉంటుందని, ఇంగ్లీషు వాడుక మీద నిఘంటువు రాసిన ఫౌలర్ 1926లో సలహా ఇచ్చాడు. అమెరికా సంపాదకులు దాన్ని నియమంలా పాటిస్తారు, బ్రిటిష్ రాతలో అంత పట్టింపు లేదు. ఆల్, ఎవ్రీథింగ్, నథింగ్, ఓన్లీ వంటి మాటల తరువాత, 'ద బెస్ట్', 'ద ఫస్ట్' వంటివాటి తరువాత దట్ బాగా అతుకుతుంది.

ఇక్కడే 'ఆల్ వాట్ ఐ నో' అన్న తప్పు పుడుతుంది. వాట్ మరో పేరును ఆనుకుని నిలబడదు, ఎందుకంటే దానిలోనే 'ఏదైతే' కూడా ఉంది, 'అది' కూడా ఉంది. దీనికి తెలుగులో చక్కని గుర్తు ఉంది. 'నువ్వు చెప్పిన మాట నాకు నచ్చింది' అన్నప్పుడు 'మాట' అన్న పేరు విడిగా ఉంది, కనుక 'ద థింగ్ దట్ యు సెడ్'. 'నువ్వు చెప్పింది నాకు నచ్చింది' అన్నప్పుడు 'అది' క్రియలోనే కరిగిపోయింది, కనుక 'వాట్ యు సెడ్'. చెప్పింది, తిన్నది, చూసింది, కావలసింది వంటి రూపం కనబడితే వాట్ అని రాయండి. విడిగా పేరు కనబడితే వాట్ జోలికి పోకండి. 'నాకు తెలిసిందంతా' అన్నప్పుడు 'అంతా' అన్నదానికి ఆల్ వచ్చేసింది కాబట్టి 'ఆల్ దట్ ఐ నో' అనాలి. చెప్పినవాడు, వచ్చినవారు వంటివాటికి 'ద వన్ హూ', 'దోజ్ హూ' అని వస్తాయి.

వేర్ విషయంలోనూ విప్పడమే పరీక్ష. 'మేము పెరిగిన ఊరు', 'మేము చూసిన ఊరు' రెండూ తెలుగులో ఒకేలా ఉంటాయి. ఊరిలో పెరిగాం, అందుకని 'ద విలేజ్ వేర్ వి గ్రూ అప్'. ఊరిని చూశాం, అందుకని 'ద విలేజ్ విచ్ వి సా'. ఊరు స్థలమే కదా అని రెండోచోట కూడా వేర్ పెట్టకూడదు. కాలానికి వెన్, కారణానికి వై ఇలాగే నడుస్తాయి. 'నువ్వు మాట్లాడే తీరు' అనడానికి మాత్రం 'ద వే హౌ యు స్పీక్' అనరు. 'ద వే యు స్పీక్' అంటే సరిపోతుంది.

కామా ఉన్నప్పుడు, లేనప్పుడు

నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఈ చిన్న గుర్తు. 'విశాఖపట్నంలో ఉన్న మా అన్నయ్య డాక్టరు' అన్న తెలుగు వాక్యం విని, ఆ మనిషికి ఒకే అన్నయ్య ఉన్నాడా, చాలామంది ఉన్నారా అని చెప్పలేం. ఇంగ్లీషులో రాస్తే చెప్పగలం. 'మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ విశాఖపట్నం ఈజ్ ఎ డాక్టర్' అని కామాలు లేకుండా రాస్తే, అన్నదమ్ములు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారు, వారిలో విశాఖలో ఉన్నతను డాక్టరు అని. 'మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ విశాఖపట్నం, ఈజ్ ఎ డాక్టర్' అని రెండు కామాల మధ్య పెడితే, ఉన్నది ఒక్కరే, అతను డాక్టరు, ఎక్కడ ఉంటాడన్నది మాటవరసకు చెప్పినది.

నేను పనిచేసిన ఒక కళాశాలలో ఒకసారి నోటీసుబోర్డు మీద 'స్టూడెంట్స్, హూ హావ్ నాట్ పెయిడ్ ద ఫీ, షుడ్ మీట్ ద ప్రిన్సిపాల్' అని అంటించారు. ఫీజు కట్టనివారు మాత్రమే వచ్చి కలవాలన్నది వారి ఉద్దేశం. ఆ కామాల వల్ల, విద్యార్థులెవరూ ఫీజు కట్టలేదని, అందరూ వచ్చి కలవాలని దాని అర్థం అయింది. రసీదు చేతపట్టుకుని వచ్చిన ఒక అమ్మాయి, తాను కట్టిన డబ్బు జమ కాలేదేమోనని భయపడి, ఉదయమంతా కార్యాలయం గుమ్మం దగ్గర నిలబడింది. నోటీసులు, ఒప్పందాలు, నియమాలు రాసేవారు ఈ ఒక్క విషయం తెలుసుకుని తీరాలని నేను గట్టిగా చెబుతాను.

నిర్ణయించుకునే పద్ధతి ఇది: హూ లేదా విచ్‌తో మొదలయ్యే ముక్కను చేత్తో మూసి, మిగిలిన వాక్యాన్ని చదవండి. ఎవరిని గురించి చెబుతున్నారో ఇంకా తెలుస్తూనే ఉంటే ఆ ముక్క అదనం, కామాల మధ్య పెట్టండి. తెలియకుండా పోతే ఆ ముక్క అవసరం, కామాలు తీసేయండి. లోకంలో ఒక్కటే ఉన్నవాటికి, అంటే ఊళ్లు, నదులు, కట్టడాలు, మనుషుల పేర్లకు కామా దాదాపు ఎప్పుడూ ఉంటుంది: 'చార్మినార్, విచ్ వజ్ బిల్ట్ ఇన్ 1591, స్టాండ్స్ ఇన్ హైదరాబాద్.' కామా తీసేస్తే, వేరే సంవత్సరాల్లో కట్టిన చార్మినార్లు కూడా ఉన్నాయన్న భావం వస్తుంది.

కామా తరువాత వచ్చే విచ్‌కు ఇంకో పని కూడా ఉంది. అది ఒక పేరునే కాక ముందు చెప్పిన సంగతినంతటినీ అందుకోగలదు: 'మై సిస్టర్ పాస్డ్ ద ఎగ్జామ్, విచ్ మేడ్ అజ్ ఆల్ హ్యాపీ.' ఇక్కడ విచ్ అంటే పరీక్ష కాదు, ఆమె ఉత్తీర్ణురాలు కావడం. తెలుగులో 'అందుకు మేమంతా సంతోషించాం' అని అనుకోండి, విచ్ అర్థం అదే.

వదిలేయదగినది, వదలరానిది, పక్కన పెట్టవలసినది

'ద సారీ విచ్ మై మదర్ గేవ్ మీ' అనడానికి బదులు 'ద సారీ మై మదర్ గేవ్ మీ' అంటే చాలు. కానీ 'ఎ బాయ్ వాంట్స్ టు సీ యు ఈజ్ వెయిటింగ్ అవుట్‌సైడ్' అంటే కుదరదు. పేరు వెంటనే మరో కర్త వస్తే రిలేటివ్ ప్రొనౌన్ను వదిలేయవచ్చు; పేరు వెంటనే క్రియ వస్తే వదలరాదు. కామా ఉన్నచోట ఎప్పుడూ వదలరాదు.

క్రియ ఏకవచనమా, బహువచనమా అన్నది ఆ ముందున్న పేరు చెబుతుంది. 'వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హావ్ పాస్డ్' అన్నప్పుడు హూ అందుకున్నది స్టూడెంట్స్‌ను కాబట్టి 'హావ్' రావాలి. 'ది ఓన్లీ వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హాజ్ పాస్డ్' అన్నప్పుడు హూ ఆ ఒక్కరినే అందుకుంటుంది.

ఏ పేరును వర్ణిస్తున్నామో దాని పక్కనే ఈ ముక్క ఉండాలి. తెలుగులో 'పది లీటర్ల పాలిచ్చే ఆవును మా మామయ్య దగ్గర కొన్నాను' అంటే 'ఇచ్చే', 'ఆవు' అంటుకుని ఉంటాయి కాబట్టి పొరపాటుకు తావు లేదు. ఇంగ్లీషులో 'ఐ బాట్ ఎ కౌ ఫ్రమ్ మై అంకుల్ విచ్ గివ్స్ టెన్ లీటర్స్ ఆఫ్ మిల్క్' అని రాస్తే విచ్ మామయ్య పక్కన పడింది. 'ఫ్రమ్ మై అంకుల్ ఐ బాట్ ఎ కౌ విచ్ గివ్స్ టెన్ లీటర్స్ ఆఫ్ మిల్క్' అని మార్చుకోవాలి.

సాధన

రోజుకు ఐదు తెలుగు వాక్యాలు చాలు. దినపత్రికలో ఏ వార్తనైనా తీసుకుని, పేరు ముందు వచ్చే జరిగిన, చేసే, లేని వంటి మాటల కింద గీత గీయండి. ఒక్కొక్కదాన్ని రెండు వాక్యాలుగా విప్పి, దాగిన విభక్తిని పక్కన రాసి, ఆ తరువాతే ఇంగ్లీషులోకి వెళ్లండి. మచ్చుకు కొన్ని చూద్దాం. 'నేను డబ్బు ఇచ్చిన దుకాణదారు'లో దాగినది 'కి': 'ద షాప్‌కీపర్ టు హూమ్ ఐ గేవ్ ద మనీ'. 'మనం మాట్లాడుకుంటున్న సినిమా'లో దాగినది 'గురించి': 'ద ఫిల్మ్ అబౌట్ విచ్ వి ఆర్ టాకింగ్'. 'తాళంచెవి పోయిన పెట్టె'లో దాగినది పెట్టె 'యొక్క': 'ద బాక్స్ హూజ్ కీ ఈజ్ లాస్ట్'. 'నాకు కావలసింది'లో విడిగా పేరే లేదు: 'వాట్ ఐ వాంట్'.

చివరగా కొంచెం కష్టమైనది: 'మా తాతయ్య ఈత నేర్చుకున్న చెరువు ఎండిపోయింది.' విప్పితే 'చెరువు ఎండిపోయింది. మా తాతయ్య ఆ చెరువులో ఈత నేర్చుకున్నాడు.' దాగినది 'లో'. ఇక్కడ చెరువు మొదటి వాక్యానికి కర్త కాబట్టి, దాని పక్కన కుట్టే ముక్క వాక్యం చివరికి పోకుండా నడుమ పడుతుంది: 'ద ట్యాంక్ ఇన్ విచ్ మై గ్రాండ్‌ఫాదర్ లెర్న్‌ట్ టు స్విమ్ హాజ్ డ్రైడ్ అప్.' నడుమ ముక్క పొడవుగా ఉండడం వల్ల, 'స్విమ్' దాకా వచ్చేసరికి కర్తను మరచిపోయి 'ఇట్ హాజ్ డ్రైడ్ అప్' అని మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆ ముక్కను చేత్తో మూసి చదవండి: 'ద ట్యాంక్ హాజ్ డ్రైడ్ అప్.' మధ్యలో 'ఇట్'కు చోటు లేదని అప్పుడు కంటికే కనబడుతుంది.